బేరింగ్ షెల్స్‌కి ఏం రాయాలి? ముందు రోజులు లెక్కపెట్టండి

మా మారుతి 800 ఇంజన్‌ని బెంగళూరు కె.ఆర్.పురంలో, మేం అద్దెకుండే ఇంటి షెడ్డులోనే దించాను. క్రాంక్ షాఫ్ట్ లేత్ పని అయ్యాక, అది తిరిగే నాలుగు మెయిన్ బేరింగులకీ, పిస్టన్లను దానికి కలిపే మూడు కనెక్టింగ్ రాడ్లకీ కొత్త షెల్స్ (అరవృత్తంలా ఉండే పలచటి బేరింగ్ ముక్కలు) జె.సి. రోడ్డులో కొన్నాను. బండిలో పోసే 20డబ్ల్యు-40 ఆయిల్‌నే ధారాళంగా రాసి బిగించాను. వర్క్‌షాప్ వాళ్లు వారంలో ఇస్తామన్న సిలిండర్ హెడ్డు (ఇంజన్ పై భాగం) ఏడు వారాలకు చేతికొచ్చింది. మనసొప్పక ఒక రాడ్ క్యాప్ (రాడ్ కింది చివర బోల్టులతో బిగించే సగం ముక్క) విప్పి చూశాను. కింది షెల్‌లో నూనె చేరి ఉంది. పై షెల్ మీద వేలు పెట్టి లాగితే వేలికి జిడ్డు కూడా సరిగా అంటలేదు. అలాగే సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ షెల్స్ గతేమిటో!

నడిచే ఇంజన్లో క్రాంక్ షెల్‌ని తాకదు, పంపు తోసే ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. కొత్తగా కట్టిన ఇంజన్లో ఆయిల్ దారులూ ఫిల్టరూ అన్నీ ఖాళీ. ప్రెషర్ అందేదాకా ఆ కొన్ని సెకన్లు మనం చేత్తో రాసిందే దానికి దిక్కు. అందుకే నేను ముందు అడిగే ప్రశ్న బ్రాండ్ గురించి కాదు. బిగించిన ఎన్నాళ్లకు స్టార్ట్ చేస్తారు? ఈరోజో రేపో అయితే శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చాలు. వారం దాటేలా ఉన్నా, ఎప్పుడో తెలియకపోయినా అసెంబ్లీ లూబ్ (ఇంజన్ కట్టేటప్పుడు రాసే, జారిపోకుండా అంటుకునే చిక్కటి లూబ్రికెంట్) కొనండి. ఇంట్లో చేసే పనికి గడువు మన చేతిలో ఉండదు కాబట్టి నేనిప్పుడు ప్రతిసారీ అదే వాడుతున్నాను. చిన్న ట్యూబు ఒక ఇంజన్‌కి సరిపోతుంది.

ఏ ట్యూబు మంచిదో తేల్చుకోవడానికి పాత షెల్స్ పారేయకండి. ఒకదానికి ఇంజన్ ఆయిల్, ఒకదానికి లూబ్ రాసి, గోడకి ఆనించి నిలువుగా పెట్టి పది రోజులు వదిలేశాను. ఆయిల్ కిందికి జారి మడుగు కట్టింది. లూబ్ మాత్రం రాసిన చోటే పట్టుకుని ఉంది. రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. గాజు సీసాలో కాస్త వేడి చేసిన ఇంజన్ ఆయిల్ పోసి, బఠానీ గింజంత లూబ్ వేసి కలపండి. పూర్తిగా కరిగిపోవాలి.

పక్క వీధి మెకానిక్ "గ్రీజు పూసెయ్ అన్నా, ఏం కాదు" అన్నాడు. అదే సీసాలో బేరింగ్ గ్రీజు వేసి చూపించాను. ఉండలు ఉండలుగా తేలింది. ఆ ఉండలే ఆయిల్ రంధ్రాల్లోనో ఫిల్టర్‌లోనో ఇరుక్కుంటే కొత్త షెల్స్‌కి నూనె అందదు. గ్రీజు వద్దే వద్దు.

నల్లగా ఉండే మోలీ (మాలిబ్డినమ్ కలిసిన) పేస్టు, వాల్వులను తెరిచే క్యామ్ లోబ్‌లకు బాగుంటుంది. పిస్టన్ రింగులకూ బోర్ గోడలకూ అది రాయకండి, రింగులు సరిగా కూర్చోవు. అక్కడ ఇంజన్ ఆయిలే రాయాలి. బైక్ ఇంజన్ అయితే క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది, మోలీ వల్ల ప్లేట్లు జారే ప్రమాదం ఉంది.

ఇక రాసే పద్ధతి. షెల్ వీపు, అది కూర్చునే గూడు రెండూ పొడిగా ఉండాలి. అక్కడ నూనె ఉంటే షెల్ గూటికి గట్టిగా అతుక్కోదు, వేడి కూడా బయటికి పోదు. పీచు రాలని గుడ్డతో తుడిచి, షెల్ నొక్కి కూర్చోబెట్టి, అప్పుడు లోపలి ముఖానికి మాత్రమే చూపుడు వేలితో పలచగా, అంచు నుంచి అంచు దాకా రాయండి. షెల్ రంధ్రం గూటి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. ప్లాస్టిగేజ్‌తో (నొక్కితే నలిగే సన్నటి ప్లాస్టిక్ దారం) షెల్‌కీ క్రాంక్‌కీ మధ్య సందు కొలిచేవాళ్లు ముందు పొడి షెల్ మీదే కొలిచి, ఆ దారం ముక్కని పూర్తిగా తుడిచాకే లూబ్ రాయాలి. కొలిచేటప్పుడు క్రాంక్ తిప్పకూడదు.

బోల్టు మరలకు మాత్రం చేతికి అంటిన లూబ్ పూసేయకండి. మరల్లో జారుడు పెరిగితే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) అదే అంకె చూపించినా బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్లో నూనె రాయమంటే నూనె, పొడిగా అంటే పొడిగా.

స్టార్ట్ చేసే ముందు ఫిల్టర్‌ని ఆయిల్‌తో నింపి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, కాయిల్ వైరు తీసేసి, పదేసి సెకన్లు సెల్ఫ్ కొడుతూ మధ్యలో మోటర్‌ని చల్లారనిచ్చాను. నాలుగోసారికి ఆయిల్ లైటు ఆరింది. అప్పుడే ప్లగ్గులు బిగించాను. ఆ మొదటి ఆయిల్‌నీ ఫిల్టర్‌నీ 500 కిలోమీటర్ల లోపే మార్చేశాను. పాత ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు ఎండలో పరిచి చూశాను. లూబ్ మొత్తం కరిగిపోయింది, షెల్స్ అరిగితే కనిపించే రాగి రంగు తళుకు ఒక్కటీ లేదు.