తోలు పర్సు చేతితో కుట్టడం ఎలా? ముందు అచ్చు, తర్వాతే కుట్టు

నేను మొదటిసారి కుట్టిన తోలు పర్సుని విజయనగరం గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. అటూ ఇటూ తిరగేసి, "ముందరేపు బాగుంది బాబూ, ఎనకేపు ఎవులు కుట్టారు?" అన్నాడు. వెనక కుట్లు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి మరి. మీకు ఆ మాట పడకుండా ఉండాలంటే ఇలా చెయ్యండి.

తోలు మీద బొమ్మలు దించే అచ్చులు కుట్టుకంటే ముందే కొట్టేయాలి. కుట్టాక కొడితే తోలు సాగి అంచులు వంకరపోతాయి. తంగేడు, తుమ్మ లాంటి చెట్ల బెరడుతో పదును చేసిన తోలు మీదే అచ్చు నిలుస్తుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు మీద ఎంత కొట్టినా పొంగి మామూలైపోతుంది. కొనేముందు కోసిన అంచు చూడండి. మధ్యలో నీలం, బూడిద ఛాయ ఉంటే అది చాలావరకు క్రోమే.

తోలుని స్పాంజితో సమంగా తడిపి ఆగండి. అసలు పని ఈ ఆగడంలోనే ఉంది. నల్లబడిన రంగు మళ్లీ దాదాపు మొదటి రంగుకి రావాలి, చెంపకి ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగలాలి. నీళ్లు ఎక్కువైతే అచ్చు మెత్తగా అలుక్కుపోతుంది, ఆరిపోతే పైపైనే గీత పడుతుంది. మే నెల ఎండల్లో ఈ అదును చిటికెలో దాటిపోతుంది కాబట్టి పని చేయని భాగాన్ని పాలిథిన్‌తో కప్పండి. అలాగని రాత్రంతా ఉంచకండి, బూజు పడుతుంది.

కింద గట్టి రాయి కావాలి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు గ్రానైట్‌కి పేరుంది, ఆ చుట్టుపక్కల ఉండి దిమ్మ కొనడమెందుకు? పాలిష్ చేసిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. అచ్చు నిటారుగా పట్టి, చెక్క సుత్తితో ఒకే దెబ్బ వెయ్యండి. రెండో దెబ్బకి అచ్చు కదిలితే బొమ్మ జంటగా పడుతుంది. తుక్కుతోలు మీద ఒకే అచ్చుని వరసగా ఇరవైసార్లు కొట్టి, లోతు సమంగా వచ్చాకే పర్సు ముట్టుకోండి.

ఇంకో మాట. తడి తోలు దగ్గర ఇనుము పెట్టకండి. నేను తాళంచెవులు పెట్టి మర్చిపోతే నల్లటి మచ్చ పడింది, ఇప్పటికీ పోలేదు. బెరడులోనూ కరక్కాయలోనూ ఉండే వగరు ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప కషాయం నల్లబడేదీ ఈ గుణంతోనే.

తోలు పూర్తిగా ఆరాక కుట్టు. జామెట్రీ బాక్సులోని డివైడర్‌ని 3 మిల్లీమీటర్లకి తెరిచి అంచు వెంట గీత లాగండి. దాని మీద 4 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పళ్ల ఉలితో బెజ్జాలు కొట్టండి. ప్రతిసారీ మొదటి పన్ను కిందటి చివరి బెజ్జంలో దిగితే ఎడం తప్పదు.

చెప్పులు కుట్టే ఆరెకి కొక్కెం ఉంటుంది, అది ఇక్కడ వద్దు. మనకి కావలసింది ఒకే దారం, రెండు కొసలకీ రెండు మొండి సూదులు. దారం కుట్టు పొడవుకి నాలుగు రెట్లు, పైన ఓ జానెడు. మైనం పట్టని దారమైతే తేనెమైనం మీద రెండుసార్లు లాగండి.

మొదటి బెజ్జంలో దూర్చి రెండు కొసలూ సమం చేయండి. రెండో బెజ్జం నుంచి ముందు ఎడమ సూది, తర్వాత అదే బెజ్జంలో కుడి సూది. కుడి సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని మీ వైపు లాగి పట్టుకోండి, లేకపోతే సూది దాన్నే పొడుస్తుంది. ఈ వరస ఒక్క బెజ్జంలో మారినా వెనక కుట్టు వంకరపోతుంది. నా పర్సులో జరిగింది అదే: ఫోన్ మోగినప్పుడల్లా వరస మర్చిపోయాను. రెండు చేతులతో ఒకే బిగువున లాగండి. తోలు ముడత పడిందంటే ఎక్కువైనట్టే.

చివర మూడు బెజ్జాలు వెనక్కి కుట్టి దారం కొయ్యండి. పాలిస్టర్ దారమైతే కొసని లైటర్‌తో కరిగించి నొక్కండి. నూలు దారమైతే నిప్పంటుకుంటుంది, దానికి చుక్క జిగురు పెట్టండి. ఆఖరున కుట్టు పొడవునా చెక్క సుత్తితో మెల్లగా తట్టితే దారం తోలులోకి సర్దుకుంటుంది.