సిరిమానుకొచ్చేవాళ్ళు సోమవారం రాత్రికే దిగండి

దసరా వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. పొడుగాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే అమ్మవారి పండగ ఇది. ఆ రోజు మా ఇంట్లో తక్కువలో తక్కువ పదిహేనుమంది చుట్టాలుంటారు. పాతికేళ్ళుగా వాళ్ళకి కాఫీలు కాచి, చాపలు పరిచి, తప్పిపోయిన పిల్లల్ని వెతికి తెచ్చినదాన్ని. కాబట్టి ఈ ఊరి పండగ ఎలా చూడాలో నాలుగు మాటలు చెప్పొచ్చనుకుంటాను.

చాలామంది మంగళవారం మధ్యాహ్నం బస్సు దిగుతారు. జనం తలల మీంచి మాను కొసని ఫోన్లో పట్టుకుని సాయంత్రానికి వెళ్ళిపోతారు. పెళ్ళికొచ్చి తాళి కట్టే నిమిషం మాత్రమే చూసి, భోజనం కూడా చెయ్యకుండా పోయినట్టుంటుంది.

సోమవారం తొలేళ్ళు, అంటే పండగ ముందురోజు. స్టేషన్లో దిగితే ముందు దగ్గర్లోనే ఉన్న అమ్మవారి వనంగుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకోండి. తర్వాత మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి రెండో గుడి, చదురుగుడికి నడవండి. దారిలో తప్పెటగుళ్ళ వాళ్ళు కనబడితే మాత్రం ఆగిపోండి. రొమ్ము మీద కట్టుకున్న గుండ్రటి తప్పెటని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో దానికి జవాబు చెబుతూ తిరుగుతారు. అలా ఆడుతూనే ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురంలా నిలబడతారు. అంత ఎత్తున కూడా దరువు తప్పదు. అందరూ పైవాణ్ణి చూస్తారు, మీరు అడుగున మోస్తున్నవాళ్ళ పిక్కలు చూడండి. ఆ రాత్రి పూజారి చేతి మీదుగా రైతులకి విత్తనాలిస్తారు. మా అత్తగారు ఆ గుప్పెడు గింజల్ని కొంగున ముడేసుకుని తెచ్చి, ఇంట్లో విత్తనాల మూటలో కలిపేవారు. పొలం అమ్మేశాక కూడా కొన్నేళ్ళు తెచ్చారు. ఎందుకత్తయ్యా అంటే, "ఏటే, పొలం పోతే అమ్మోరు పోయినట్టేటి?" అనేవారు.

ఇంకా ముందే రాగలిగినవాళ్ళు హుకుంపేట వెళ్ళండి. మాను ఏ చోట ఉందో అమ్మవారు పూజారి కలలో కనబడి చెబుతుందని ఇక్కడి నమ్మకం. ఆ చింతచెట్టుకి పూజ చేసి, కొట్టి తెచ్చి, హుకుంపేటలోనే చెక్కుతారు. సిరిమానుకి తోడు, దాన్ని మోసే ఇరుసుమాను కూడా ఉంటుంది. పచ్చి చింతమాను మీద బాడిస పడుతుంటే ఎర్రటి చేవ బయటికొస్తుంది, పుల్లటి వాసనొస్తుంది. మా చిన్నాడు ఓ ఏడు అక్కణ్ణించి చెక్కపేడొకటి జేబులో వేసుకొచ్చాడు. అది ఇప్పటికీ మా పోపులపెట్టె వెనకే ఉంది.

ఇక మంగళవారం. పదకొండులోపు తిండి కానిచ్చి బయల్దేరండి. బళ్ళు ఎక్కడో దూరాన ఆపేస్తారు, మిగతాదంతా నడకే. కాళ్ళకి పాత చెప్పులు, ఒంటి మీద పాత బట్టలు. పట్టుచీరతో వచ్చిన మా ఆడపడుచు మోచేతి పొడుగునా అరటిపండు పూసుకుని ఇంటికొచ్చింది. జనం మాను మీదకి అరటిపళ్ళు విసురుతారు, అవి మాను దాకా వెళ్ళకుండా పక్కవాళ్ళ నెత్తిన పడతాయి. నాకొకటి సరిగ్గా కళ్ళజోడుకే తగిలింది. ప్రసాదం అనుకుని తుడుచుకున్నాను.

జనంలో ఫోన్లు పనిచేస్తాయని నమ్ముకోవద్దు. నేను నమ్ముకునే ఓసారి ఆరేళ్ళ మేనల్లుణ్ణి పోగొట్టుకుని గంటసేపు ఏడ్చాను. ఎవరో పుణ్యాత్ముడు వాణ్ణి భుజాన ఎక్కించుకుని ఊరేగింపు మొత్తం చూపించాడట. "అత్తా, నువ్వు తప్పిపోయావేటి?" అన్నాడు గుంటడు, చేతిలోని బెల్లం జీడి నములుతూ. అప్పట్నించీ, తప్పిపోతే గంటస్తంభం కిందకి రావాలని ఇంట్లోనే చెప్పుకుని బయల్దేరతాం. పిల్లల జేబులో చీటీ కూడా పెడతాం.

మూడు లాంతర్ల కూడలిలో నిలబడాలని అందరికీ ఉంటుంది. నేనైతే వద్దంటాను. అక్కడ నెట్టుకోవడానికే సరిపోతుంది. మాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి, దారి మధ్యలో ఎక్కడున్నా అది మీ ముందుకి ఆరుసార్లు వస్తుంది. తెలిసినవాళ్ళ డాబా దొరికితే అదృష్టం. లేకపోతే మూతపడ్డ ఏ కొట్టు మెట్లో చూసుకోండి. మొదటిసారి మాను కొసన కూర్చున్న పూజారినే చూస్తారు, ఎవరైనా అంతే. 50, 60 అడుగుల కొసన కుర్చీలో మనిషి ఊగుతుంటే ఇంకెటు చూస్తాం? రెండోసారికి కిందకి చూడండి. మాను కన్నా ముందు నడిచేవి ఒక్కొక్కటీ పోల్చుకోండి. ఈటెలూ బల్లేలూ పట్టుకున్న గుంపు పాలధార. తెల్లఏనుగు, అంజలి రథం చూడగానే తెలిసిపోతాయి. వల పట్టుకొచ్చేది బెస్తవారి వల. 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాక పెద్దచెరువులో కలిసిపోయిన చెల్లెలే పైడితల్లి అని కథ. అమ్మవారి విగ్రహాన్ని చెరువులోంచి తీశారు కనకే ఊరేగింపులో వలకి చోటు. కథ తెలిస్తే వల వల మాత్రమే కాదు. అత్తగారు నా మోచెయ్యి పొడిచి, "మాను చూడ్డానికొచ్చి మనుషుల్ని చూస్తన్నావేటి?" అనేవారు. ఆవిడ చూసేదీ మనుషుల్నే.

బుధవారం చుట్టాల్ని బస్సెక్కించి నేను పడుకుంటాను. ఇంకో రెండు రోజులుండేవాళ్ళకి ఊళ్ళో సంగీతముంది, చుట్టుపక్కల బరువులెత్తే ఆటలున్నాయి.

ఇక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. నేర్చుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ విని, నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు అని ఉద్యోగమిచ్చారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో జోలె పట్టి మధుకరం చేసుకుని తిన్నారు. పి. సుశీల ఈ ఊరమ్మాయే. నేనూ పెళ్ళికి ముందు రెండేళ్ళు గాత్రం నేర్చుకున్నాను. వర్ణాలు దాటకుండానే పెళ్ళయిపోయింది, అది వేరే కథ.

కచేరీ అలవాటు లేనివాళ్ళు భయపడొద్దు. మృదంగం బాగా వినబడే వైపు కూర్చుని, కుడిచెయ్యి తొడ మీద పెట్టుకోండి. ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, అక్కడికి నాలుగు. మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిప్పు, ఇంకోసారి దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది, ఇది ఆదితాళం. పాట ఎటెళ్ళినా మీ చెయ్యి ఆగకపోతే చాలు. తనియావర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే కాఫీకి లేచిపోయేవాళ్ళుంటారు. వాళ్ళు ఖాళీ చేసిన ముందు వరస కుర్చీల్లోకి మీరు జరగండి. పుష్య బహుళ పంచమికి ఇటొస్తే త్యాగరాజ ఆరాధన ఎక్కడ జరుగుతుందో వాకబు చెయ్యండి. ఆయన పంచరత్న కీర్తనలు పక్కన కూర్చుని వినాలి, మైకులో కాదు.

ఆటలంటే మా జిల్లాల్లో ముందు బరువులెత్తడమే. 1936లో ఇంగ్లాండెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ మా విజయనగరం రాజకుమారుడు విజ్జీ దొరే గానీ, ఆయన బ్యాటింగు గురించి మాట్లాడకపోవడం మర్యాద. వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడు ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్న కథ ఇక్కడ పిల్లలకి అన్నంతో పాటే పెడతారు. శ్రీకాకుళం వైపు ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు రకాల ఎత్తుల్లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఈ ఆట ఊరందరిదీ. 2014 కామన్‌వెల్త్ పోటీల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి అక్కడి పిల్లే.

మా తమ్ముడు కొన్నాళ్ళు ఎత్తాడు కనక చూడ్డం నాకు వాడే నేర్పాడు. స్నాచ్ అంటే నేల మీంచి ఒకే ఊపులో తల పైకి. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల మీదకి, అక్కణ్ణించి పైకి. ఒక్కోదానికీ మూడేసి ప్రయత్నాలు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తెల్లలైటు వేస్తే లెక్కలోకొస్తుంది. కుర్రాడు కడ్డీ పట్టుకుని వంగినప్పుడు నోరెత్తొద్దు. కడ్డీ నేల వదిలాక మీ ఇష్టం, గొంతు పోయేదాకా అరవండి. స్టేడియాలే అక్కర్లేదు, సంక్రాంతికి పల్లెల్లో సంగిడి రాళ్ళెత్తే పోటీలు జరిగితే వదులుకోకండి. రాయి మోకాలి దాకా వచ్చి ఆగిపోయినప్పుడు ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టడం వినబడుతుంది.

సిరిమాను వెళ్ళిన మరుసటి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. చుట్టాలంతా వెళ్ళిపోయుంటారు, అందుకే నాకిదే ఇష్టం. చీకటి పడకముందే గట్టు మీదకి చేరండి, తడి గడ్డి కనక కూర్చోడానికో గోనెపట్టా తెచ్చుకోండి. మీది మర్చిపోతే మాదాంట్లో చోటుంటుంది, కాస్త జరుగుతాం.