గుమ్మం దగ్గర మాట – నాలుగో పాఠం: ‘వద్దు’ తర్వాత నోరు కట్టుకోవడం

ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లకు ‘వద్దు’ ఎలా చెప్పాలో నేర్చుకుంటున్నాం కదా, ఈసారి పూర్తిగా వాళ్లు చేసి చూపించే వాటర్ ఫిల్టర్ డెమో గురించే చెబుదామనుకున్నాను. మూడో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివాక ముందు వేరే సంగతి తేల్చుకోవాల్సి వస్తోంది. దాదాపు అందరూ రాసింది ఒకటే: “మీరు చెప్పినట్టే గ్రిల్ తీయలేదు, వద్దనే చెప్పాను, అయినా అతను కదల్లేదు.”

ఉత్తరాలన్నీ మళ్లీ మళ్లీ చదివాను. ‘వద్దు’ అందరూ బాగానే చెప్పారు. ఆ తర్వాత ఇంకో వాక్యం చెప్పారు. తేడా అంతా ఆ రెండో వాక్యంలోనే వచ్చింది.

ఖమ్మం నుంచి ఒక చెల్లెలు రాసింది. వాక్యూమ్ క్లీనర్ అమ్మే అబ్బాయి వస్తే “వద్దు బాబూ, మా ఆయన ఇంట్లో లేరు” అంది. “సార్ ఎన్నింటికి వస్తారు మేడమ్?” అని అడిగాడు. ఏడింటికి అని చెప్పింది. ఏడుంపావుకి అతను మళ్లీ బెల్ కొట్టాడు. భార్యే రమ్మందనుకుని ఆయన లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆ రాత్రి సోఫా, పరుపు, కర్టెన్లు అన్నీ దులిపి దుమ్ము చూపించారు. అన్నం పదింటికి తిన్నారట. వాక్యూమ్ క్లీనర్ ఇప్పుడు అట్టపెట్టెలో మంచం కింద ఉంది, వాయిదాలు మాత్రం నడుస్తున్నాయి.

గాజువాకలో ఒక పెద్దాయన “వద్దయ్యా, నెలాఖరు, చేతిలో డబ్బుల్లేవు” అన్నారు. “ఇప్పుడు ఇవ్వక్కర్లేదు అంకుల్, ఐదొందలు అడ్వాన్స్ ఇస్తే చాలు, మిగతాది ఈఎంఐ” అని జవాబు. “మాకు ఆల్రెడీ ఉంది” అన్నవాళ్లకి “ఏ కంపెనీది, ఎన్నేళ్లయింది, ఎక్స్‌చేంజ్ ఉంది మేడమ్” అని వచ్చింది. “పాప పడుకుంది” అన్న తల్లికి “సౌండ్ చెయ్యను అక్కా, రెండు నిమిషాలే” అని వచ్చింది.

చూశారు కదా. మీరు కారణం చెప్పిన ప్రతిచోటా అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది అప్పటికప్పుడు పుట్టిన తెలివి కాదు. ఇలా తిరిగే పిల్లలకు కంపెనీలో ట్రైనింగ్ ఇస్తారు. కస్టమర్ చెప్పే కారణాన్ని వాళ్లు ‘అబ్జెక్షన్’ అంటారు, ఒక్కోదానికి ఏం చెప్పాలో కంఠతా పట్టిస్తారు. డబ్బుల్లేవు, టైమ్ లేదు, ఆయన్ని అడగాలి, ఇప్పటికే ఉంది, ఆలోచించి చెబుతాం. ఇంట్లో మనకు తట్టే కారణాలన్నీ కలిపినా ఆ ట్రైనింగ్‌లో ఒక పేజీకి మించవు. మీరు కారణం చెప్పగానే అతనికి అర్థమయ్యేది ఒకటే: ఈ ఒక్క అడ్డం తీసేస్తే ఈవిడ కొంటుంది.

వట్టి ‘వద్దు’కి మాత్రం జవాబు లేదు. అందుకే అతను “ఎందుకు మేడమ్?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీరు జవాబు బాకీ లేరు. ఇంట్లో ఏం కొనాలో, ఏం కొనకూడదో ఇంట్లోవాళ్ల నిర్ణయం. దాన్ని గుమ్మం బయట నిలబడ్డ మనిషికి వివరించాల్సిన పని లేదు.

ఇది మనకు కష్టంగా ఎందుకుంటుందో నాకు తెలుసు. మన ఇళ్లలో ‘లేదు’ అనకూడదని పెంచారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. గుమ్మం ముందు ఎవరైనా చెయ్యి చాస్తే కూడా “చెయ్యి ఖాళీ లేదమ్మా, పై ఇంటికి వెళ్లు” అంటాం. అవతలి మనిషి మనసు నొప్పించకుండా పంపే మంచి పద్ధతి అది. అడుక్కునే మనిషికి ఆ మాట అర్థమై వెళ్లిపోతుంది. టార్గెట్ ఉన్న సేల్స్ కుర్రాడికి మాత్రం “చెయ్యి ఖాళీ లేదు” అంటే ‘ఖాళీగా ఉన్నప్పుడు రా’ అని వినిపిస్తుంది. “తర్వాత రా బాబూ” అంటే నిజంగానే తర్వాత వస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు, మీరే రమ్మన్నారు.

వీటిలో “మా ఆయన ఇంట్లో లేరు” అన్నదాన్ని మీ నోటి నుంచి పూర్తిగా తీసేయండి. ముక్కూ మొహం తెలియని మనిషికి, మీరు ఒంటరిగా ఉన్నారని, ఎప్పటిదాకా ఉంటారో కూడా చెప్పేస్తున్నారు. మీ అత్తగారికి, పనమ్మాయికి, సెలవుల్లో ఇంట్లో ఉండే పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి. ఈ పాఠంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

మరి ఏమనాలి? “వద్దు బాబూ.” అతను మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే మాట, అదే గొంతుతో. మూడోసారి “వద్దు బాబూ, తలుపేస్తున్నాను” అని వేసేయాలి. గొంతు పెంచక్కర్లేదు, చిరాకు పడక్కర్లేదు. నేనైతే మొదటి ‘వద్దు’ అప్పుడే లోపలి తలుపు గడియ మీద చెయ్యి పెడతాను, నోటికంటే ముందు ఆ చెయ్యే చెబుతుంది. పాంప్లెట్ కూడా తీసుకోను. తీసుకుంటే ఏం పోతుంది అని కొందరు రాశారు. చేతిలో కాగితం ఉన్నంతసేపు కళ్లు దాని మీదకు పోతాయి, అతను నిలబడే ఉంటాడు. పీప్ హోల్, తలుపు గొలుసు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

“ఎండలో తిరుగుతున్నాడు పాపం” అని చాలామంది రాశారు. నాకూ అంతే అనిపిస్తుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం టై కట్టుకుని, భుజాన బ్యాగుతో మూడంతస్తులు ఎక్కిన పిల్లాణ్ణి చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. మంచినీళ్లు ఇవ్వండి, గ్రిల్ సందులోంచి గ్లాసో బాటిలో అందించండి. నీళ్లివ్వడం వేరు, కొనడం వేరు. ఇంకో విషయం, వీళ్లలో చాలామందికి జీతం కంటే కమీషనే ముఖ్యం. మొహమాటానికి నలభై నిమిషాలు విని చివర్లో వద్దంటే అతని నలభై నిమిషాలు పోయినట్టే. మొదటి నిమిషంలో వచ్చిన ‘వద్దు’ అతనికీ మేలే.

ఇప్పుడు డెమో. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లే దీనికి ఎక్కువ పడిపోతున్నారు. పిల్లల ఆరోగ్యం అడ్డం పెట్టి తల్లుల్ని భయపెట్టడం నాకు అస్సలు సహించదు.

అతను రెండు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, రెండోదాంట్లో తన ఫిల్టర్ నీళ్లు. బ్యాగులోంచి ఒక పరికరం తీసి ప్లగ్ పెడతాడు. దాని కడ్డీలు రెండు గ్లాసుల్లోకీ దిగుతాయి. నిమిషం తిరక్కుండా మీ కుళాయి నీళ్లు పచ్చగా, గోధుమరంగుగా మారి, మురికి తెట్టులా పైకి తేలుతుంది. అతని గ్లాసు మాత్రం తేటగా ఉంటుంది. “ఇదేనండీ మీ పాప రోజూ తాగుతున్నది” అంటాడు. ఆ మాట విన్నాక ఏ తల్లికైనా కాళ్లు ఆడవు.

ఆ రంగు నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. ఆ పరికరంలో ఒక కడ్డీ ఇనుముది. నీళ్లలో కరెంటు పారినప్పుడు ఆ ఇనుము కరిగి, నీటితో కలిసి తుప్పులాంటి పదార్థంగా మారుతుంది. మీరు చూసిన తెట్టు అదే. హైస్కూల్ సైన్సు పుస్తకంలో చదివే విద్యుద్విశ్లేషణ తప్ప ఇందులో కొత్తేమీ లేదు. మరి రెండో గ్లాసు ఎందుకు తేటగా ఉంది? ఆర్ఓ ఫిల్టర్ నీళ్లలోని లవణాలను చాలావరకు తీసేస్తుంది. లవణాలు లేకపోతే కరెంటు సరిగా పారదు. కరెంటు పారకపోతే ఇనుము కరగదు. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీలు పెడితే అది కూడా అలాగే గోధుమరంగుకి తిరుగుతుంది. మనం పప్పులో, చారులో రోజూ వేసుకునే ఉప్పే అది. అంటే ఆ పరికరం నీళ్లలో ఉప్పులు ఉన్నాయో లేదో మాత్రమే చెబుతోంది, విషం ఉందో లేదో కాదు. నా మాట నిజమో కాదో చూద్దామని ఇంట్లో వైర్లు, మేకులు పెట్టి చేయకండి, షాక్ కొడుతుంది.

తర్వాత పెన్నులాంటి టీడీఎస్ మీటర్ తీస్తాడు. 280 అని చూపించి “చూశారా” అంటాడు. 280 అంటే ఏమిటో చెప్పడు. లీటరు నీళ్లలో కరిగి ఉన్న పదార్థాలు ఇన్ని మిల్లీగ్రాములని అర్థం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 అనే ప్రమాణం ప్రకారం 500 దాకా ఆమోదయోగ్యమే. వేరే నీటి వసతి లేనిచోట 2000 దాకా అనుమతిస్తారు. బోరు నీళ్లకి మామూలుగా ఎక్కువ వస్తుంది, నది నీళ్లకి తక్కువ. పైగా ఆ మీటరుకి క్రిములు కనపడవు. ఫ్లోరైడ్ కూడా విడిగా కనపడదు. నల్లగొండ జిల్లా పల్లెల్లో తరాలకు తరాలను నడుములు వంచేసిన ఫ్లోరైడ్ సంగతి ఆ పెన్ను చెప్పలేదు. క్రిముల భయం ఉంటే నీళ్లు బాగా మరగబెట్టండి. ఫ్లోరైడ్ మాత్రం మరగబెడితే పోదు. నీళ్ల మీద నిజంగా అనుమానం ఉంటే సీసాలో పట్టి ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు జిల్లాల్లో ఉన్నాయి. రిపోర్టు చూశాక ఫిల్టర్ కావాలనిపిస్తే షాపుకి వెళ్లి, నాలుగు చూసి, బిల్లుతో కొనుక్కోండి. నేను ఫిల్టర్లకు వ్యతిరేకం కాదు, భయపడి కొనడానికి వ్యతిరేకం.

ఇదంతా చెప్పింది మీరు అతనితో వాదించడానికి కాదు. తణుకు నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు రాశారు. ఉప్పు వేయించి, ఆ అబ్బాయి చేతే ఒప్పించారట. గంట పట్టింది. చివర్లో “ఫీడ్‌బ్యాక్ ఫారం నింపండి సార్” అంటే పేరు, ఫోన్ నంబరు రాసిచ్చారు. ఇప్పుడు రోజూ ఫోన్లు వస్తున్నాయట. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, వాదన కూడా కారణం చెప్పడం లాంటిదే. గెలిచినా అతను మీ హాల్లోనే ఉన్నాడు. తెలుసుకోవాల్సింది తలుపేశాక భయం మిగలకుండా ఉండటానికి. గుమ్మం దగ్గర మాత్రం అదే మాట: “వద్దు బాబూ.” ఇక ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వొద్దు. లక్కీ డ్రా, సర్వే, ఫ్రీ గిఫ్ట్, ఏ పేరుతో అడిగినా సరే.

రెండు రకాల మనుషులకు మాత్రం ఈ పాఠం సరిపోదు. “గ్యాస్ ఆఫీసు నుంచి చెకింగ్‌కి వచ్చాం” అంటూ వచ్చి, పైపు పాడైందని కొత్తది అంటగట్టేవాళ్లు ఒకరు. అయిదేళ్లకోసారి గ్యాస్ తనిఖీ నిజంగానే ఉంది కాబట్టి వట్టి వద్దు చాలదు. అతన్ని బయటే ఉంచి, మీ పుస్తకం మీదున్న ఏజెన్సీ నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. అతను ఇచ్చే నంబరుకి కాదు. పైపు మీద తేదీ ఉంటుంది, అది మీరే చూసుకోవచ్చు. గ్యాస్ లీకైతే 1906.

ఇత్తడి, వెండి, బంగారం మెరుగు పెడతామని వచ్చేవాళ్లు రెండోరకం. ముందు ఇత్తడి చెంబు తళతళలాడిస్తారు, తర్వాత మెడలో గొలుసు అడుగుతారు. బంగారాన్ని కూడా కరిగించే యాసిడ్ వాళ్ల దగ్గర ఉంటుంది. గొలుసు మెరుస్తూనే తిరిగొస్తుంది, తూకం తగ్గి. వాళ్లతో ఒక్క మాట కూడా వద్దు. తలుపేసి పక్కింటివాళ్లకు చెప్పి, 112కి ఫోన్ చేయండి.

చట్టం గురించి కొందరు అడిగారు. సభ్యులను చేర్చుకుని వాళ్లచేత ఇంటింటికీ అమ్మించే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలకు 2021 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. గుర్తింపు కార్డు లేకుండా, మీరు ముందుగా ఒప్పుకోకుండా వాళ్ల మనిషి మీ ఇంటికి రాకూడదు. ఇక ఎవరు అమ్మినా బిల్లు ఇవ్వాల్సిందే. వస్తువులో లోపముంటే, బిల్లులో గడువు రాయని పక్షంలో, 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఖమ్మం చెల్లెలా, నువ్వు కూడా.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. ఇంట్లో మాటకారి ఎవరో వాళ్లను గుమ్మం బయట నిలబెట్టండి. మరిదో, కూతురో, పక్కింటి పిన్నిగారో, ఎవరైనా సరే. చేతికి ఏదో వస్తువు ఇచ్చి ఎలాగైనా అమ్మమనండి. బతిమాలనివ్వండి, భయపెట్టనివ్వండి, “అక్కా, ఇవాళ ఒక్కటి కూడా అమ్ముడవలేదు” అని ఏడవనివ్వండి. అయిదు నిమిషాలపాటు మీరు “వద్దు బాబూ” తప్ప ఇంకో మాట అనకూడదు, నవ్వకూడదు, తలుపూ వేయకూడదు. నిజంగా అయితే మూడోసారికే వేసేస్తాం, ఇక్కడ ఓర్పు కోసం సాగదీస్తున్నాం. చాలామంది రెండో నిమిషంలోనే ఏదో ఒక కారణం చెప్పేస్తారు. చెబితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత మీ అత్తగారినో అమ్మనో లోపల నిలబెట్టి వాళ్లతో కూడా చేయించండి, పగలు ఇంట్లో ఉండేది వాళ్లే.

ఈ రెండు వారాల్లో నిజంగా వచ్చినవాళ్ల గురించి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఏం అమ్మారన్నది అక్కర్లేదు. ‘వద్దు’ తర్వాత మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట రాయండి, ఉన్నది ఉన్నట్టు. అవి నాకు పంపండి. అమ్మేది చుట్టాలో, అపార్ట్‌మెంట్‌లో ఎదురింటివాళ్లో అయినప్పుడు ఏం చేయాలన్నది అయిదో పాఠం. అక్కడ తలుపు వేయడం కుదరదు కాబట్టి, ఈ అభ్యాసం చేయకుండా దానికి రాకండి.