తీపి పదార్థాల్లో లోహాలు: కొనేటప్పుడు, వండేటప్పుడు, నిల్వ చేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

చాక్లెట్, తేనె, జామ్, పండ్ల రసం, పిల్లలు చప్పరించే మిఠాయి వంటి వాటిలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉన్నాయన్న వార్త చదవగానే ఇంట్లో ఉన్న తీపి అంతా పారేయాలనిపిస్తుంది; వారం తిరక్కుండానే ఆ సంగతి మరుగున పడిపోతుంది. ఆ కంగారు వల్లా, ఈ మరుపు వల్లా ఒరిగేదేమీ లేదు. నేలలో, నీటిలో, ధూళిలో ఉన్న లోహం పంటలోకి ఎంతో కొంత చేరుతూనే ఉంటుంది కాబట్టి బొత్తిగా లోహం లేని ఆహారం దొరకదు. అందువల్ల ఏ తీపి విషయంలోనైనా మనం తేల్చుకోవలసినవి మూడు: అందులో లోహం ఎంత ఉంది, దాన్ని ఎంత తరచుగా తింటున్నాం, తినేది ఎవరు. మొదటిది చాలావరకు తయారీదారు చేతిలో ఉన్నా, మిగిలిన రెండూ పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి.

ముందుగా కొన్ని అపోహలు తొలగించుకోవాలి. ఈ లోహాలు ఆహారంలో ఉండే మోతాదుల్లో రుచికి, వాసనకు, కంటికి తెలియవు. ఉడికించినా, కాల్చినా, గడ్డకట్టించినా నశించవు. పైపెచ్చు పాకం మరిగి నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన పదార్థంలో వాటి గాఢత పెరుగుతుంది. సేంద్రియ సాగు అన్న ముద్ర పురుగుమందుల గురించి చెబుతుందే తప్ప లోహాల గురించి ఏమీ చెప్పదు, ఎందుకంటే సేంద్రియ పొలంలోని మట్టిలోనూ కాడ్మియం ఉండవచ్చు. పెయింటులో సీసాన్ని కనిపెట్టడానికి అమ్మే రంగు మారే పరీక్ష పుల్లలు ఆహారానికి పనికిరావు. ఆహారంలోని లోహాన్ని కొలవాలంటే ప్రయోగశాలే శరణ్యం.

శరీరంలో ఒక్కో లోహం ఒక్కో దారి పడుతుంది. పెద్దలు మింగిన సీసంలో సుమారు పదోవంతు మాత్రమే రక్తంలోకి చేరితే, చిన్నపిల్లల్లో దాదాపు సగం దాకా చేరుతుంది. అక్కడి నుంచి అది ఎముకల్లో స్థిరపడి దశాబ్దాల పాటు ఉండిపోతుంది. గర్భధారణ సమయంలోనూ, పాలిచ్చే కాలంలోనూ ఎముకల నుంచి కాల్షియంతో పాటు కరిగి బిడ్డను చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును, ఏకాగ్రతను దెబ్బతీసే ఈ లోహానికి ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదు. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం సీసానికి అంతకుముందు పెట్టిన వారపు పరిమితిని 2010లో ఉపసంహరించుకున్నది ఇందుకే. కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అక్కడ చేరినదానిలో సగం బయటకు పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. దీర్ఘకాలంలో అది మూత్రపిండాలను, ఎముకలను బలహీనపరుస్తుంది. కాడ్మియం, అకర్బన ఆర్సెనిక్ (కార్బన్‌తో కలవని రూపంలో ఉన్న ఆర్సెనిక్) రెండూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. వీటిలో ఏదీ ఒక్క ముక్క తినగానే కనబడే హాని చేయదు. రోజూ చేరే కొద్దికొద్ది మోతాదులే ఏళ్ల తరబడి కూడి హాని చేస్తాయి.

తీపి పదార్థాల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది చాక్లెట్ మీద. కోకో చెట్టు వేళ్ల ద్వారా మట్టిలోని కాడ్మియాన్ని పీల్చుకుని నేరుగా గింజ లోపలికి పంపుతుంది కాబట్టి గింజను ఎంత కడిగినా అది పోదు. సీసం దారి వేరు. కాయ కోసి, గింజలను పులియబెట్టి, తడిగా ఉండగానే ఆరుబయట ఎండబోసినప్పుడు జిగటగా ఉన్న పొట్టుకు దుమ్ము, వాహనాల పొగలోని రేణువులు అంటుకుంటాయి. సీసంలో ఎక్కువ భాగం ఇలా కోత తర్వాతే చేరుతుంది. గింజలను నేల మీద, రోడ్ల పక్కన ఆరబోయకుండా, పొట్టును శుభ్రంగా వేరుచేసే తయారీదారు సీసాన్ని చాలావరకు తగ్గించగలడు. కాడ్మియం తగ్గాలంటే మాత్రం ఏ ప్రాంతపు గింజ వాడాలి, ఏయే గింజలను కలపాలి అన్న నిర్ణయం దగ్గరే జాగ్రత్త పడాలి.

కొనేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. లోహం ఉండేది కోకో పొడి భాగంలో. కోకో వెన్నలో అది చాలా తక్కువ. అందుకే అట్ట మీద కోకో శాతం ఎంత ఎక్కువ ఉంటే లోహం ఉండే అవకాశం అంత ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2019 నుంచి అమలు చేస్తున్న కాడ్మియం పరిమితుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది: 30 శాతం కంటే తక్కువ కోకో ఉన్న పాల చాక్లెట్‌కు కిలోకు 0.10 మిల్లీగ్రాములు, 50 శాతం లేదా అంతకు మించి కోకో ఉన్నదానికి 0.80 మిల్లీగ్రాములు.

ఒక లెక్క వేసి చూద్దాం. కిలోకు 0.60 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న డార్క్ చాక్లెట్‌ను రోజూ 30 గ్రాములు తింటే రోజుకు 18 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు), వారానికి 126 మైక్రోగ్రాములు ఒంట్లోకి వెళతాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించిన వారపు హద్దు శరీర బరువులో ప్రతి కిలోకు 2.5 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి అది 150 అవుతుంది కాబట్టి, ధాన్యాలు, దుంపలు, ఆకుకూరల నుంచి ఎటూ వచ్చే కాడ్మియానికి చోటు దాదాపు మిగలదు. ఇరవై కిలోల పిల్లవాడికి ఆ హద్దు 50 మాత్రమే. అదే చాక్లెట్ అతనికి రెండున్నర రెట్లు అవుతుంది. అదే పెద్దమనిషి ఆ చాక్లెట్‌ను వారానికి రెండుసార్లే తింటే మొత్తం 36కు పడిపోతుంది. బ్రాండు మార్చడం కంటే ఎన్నిసార్లు తింటున్నామన్నది తగ్గించుకోవడమే నమ్మదగిన ఉపాయం అని నేననడానికి కారణం ఈ లెక్కే. బ్రాండుల్లోనూ మార్చి మార్చి కొనడం మంచిదే, ఒకే గింజల సరుకు నుంచి రోజూ లోహం చేరకుండా ఉంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు డార్క్ చాక్లెట్, కోకో పొడి కలిపిన పానీయాలు రోజువారీ అలవాటు కాకుండా చూడాలి.

మిఠాయిల విషయంలో రంగును, కాగితాన్ని, మసాలాను గమనించాలి. కొన్ని పసుపు, ఎరుపు పారిశ్రామిక రంగుల్లో సీసం ఉంటుంది. వాటిని ఆహారంలో వాడడం నేరమే అయినా కల్తీ జరుగుతూనే ఉంది. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు లేని, కళ్లు చెదిరే రంగులున్న మిఠాయిని పిల్లలకు ఇవ్వకూడదు. చుట్టిన కాగితం మీది సిరాలోనూ సీసం ఉండవచ్చు, కాబట్టి అంటుకుపోయిన కాగితాన్ని పిల్లలు నాకకుండా చూడాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2006లో పిల్లలు తరచుగా తినే మిఠాయిల్లో సీసానికి కిలోకు 0.1 మిల్లీగ్రాము అని సూచించిన స్థాయి కాగితం, రంగు, ముడిసరుకు ఏ దారిన చేరినదానికైనా వర్తిస్తుంది. ఆ దేశంలోనే 2023లో పసిపిల్లల కోసం సంచుల్లో అమ్మిన దాల్చినచెక్క కలిపిన యాపిల్ గుజ్జులో సీసం బయటపడింది. కొందరు పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించి ఆరా తీయగా, దాల్చినచెక్క పొడిలోనే దాన్ని కలిపినట్టు అనుమానాలు బలపడ్డాయి. నిర్ధారితమైనవీ అనుమానితమైనవీ కలిపి కేసులు 500 దాటాయి. పొడి చేసిన మసాలాలో ఏం కలిసిందో కంటికి తెలియదు. దాల్చినచెక్కను చెక్కగానే కొని ఇంట్లో దంచుకోవడం ఇందుకే మేలు.

బియ్యపు పాకంతో తీపి చేసిన బార్లు, పసిపిల్లల ఆహారాలు కూడా ఉన్నాయి. నీరు నిలిచిన పొలంలో పెరిగే వరి ఆర్సెనిక్‌ను ఇతర ధాన్యాల కంటే ఎక్కువగా తీసుకుంటుంది. పదార్థాల జాబితాలో బియ్యపు పాకం ముందు వరుసలో ఉన్నవాటిని పసివాళ్లకు రోజూ పెట్టవద్దు.

ఇక వంటింటి సంగతి. ఇక్కడ అసలు చిక్కు పులుపుతో వస్తుంది. చక్కెర ఒక్కటే లోహాన్ని పెద్దగా కరిగించదు. నిమ్మరసం పిండిన పాకం, పండ్ల జామ్, తేనె వంటివి ఆమ్ల గుణం ఉన్నవి కాబట్టి పాత్ర గోడను కరిగిస్తాయి. కళాయి పూత లేని రాగి పాత్రలో పులుపున్న పాకం కాచి, అందులోనే చల్లారనిస్తే రాగి కరిగి చేరుతుంది; అలాంటిది తిన్న కొద్దిసేపటికే వాంతులు, కడుపునొప్పి రావచ్చు. పాత్ర లోపల పచ్చని చిలుము కనిపిస్తే దాన్ని తోమి తొలగించే దాకా అందులో ఏదీ వండకూడదు. పాత లోహపు తుక్కును కరిగించి పోసిన అల్యూమినియం పాత్రల్లో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉంది, కాబట్టి ఎవరు చేశారో తెలియని పోత పాత్రలను వాడవద్దు. పుల్లని తీపి వంటలకు స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, పగుళ్లు లేని ఎనామెల్ పాత్రలు నిశ్చింతగా వాడుకోవచ్చు.

నిల్వలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తేనెను జింకు పూత పూసిన డబ్బాల్లో, మెరుపు పూత ఉన్న పాత మట్టి జాడీల్లో పోయకూడదు, ఎందుకంటే ఆ మెరుపు పూతలో సీసం ఉండవచ్చు. సీసపు స్ఫటిక గాజు కూజాలు అలంకారానికే గాని పండ్ల రసం నిల్వకు కావు. డబ్బాలో వచ్చిన పండ్ల ముక్కలను మూత తెరిచిన వెంటనే గాజు పాత్రలోకి మార్చాలి. తగరం పూత మీద వార్నిష్ లాంటి రక్షణ పూత లేని డబ్బాల్లో గాలి తగిలిన తర్వాత తగరం వేగంగా కరుగుతుంది.

ఒంట్లోకి వెళ్లిన లోహం ఎంత ఇంకుతుందన్నది కొంతవరకు భోజనం మీద ఆధారపడుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు సీసం ఎక్కువగా ఇంకుతుంది. ఇనుము, కాల్షియం లోపం ఉన్నవారిలో అది ఇంకా పెరుగుతుంది. రక్తహీనత ఉన్నవారు కాడ్మియాన్ని కూడా ఎక్కువగా గ్రహిస్తారు. కాబట్టి పిల్లలకు తీపిని భోజనం తర్వాతే పెట్టాలి, రక్తహీనత ఉంటే దానికి వైద్యం చేయించాలి. లోహాలను కడిగేస్తాయంటూ అమ్మే మట్టి పొడుల జోలికి వెళ్లవద్దు. వాటిలోనే సీసం దొరికిన సందర్భాలున్నాయి.

ఏదైనా పదార్థం మీద అనుమానం కలిగితే తినడం ఆపి, మిగిలిన ముక్కను అట్టతో సహా మూటగట్టి ఉంచండి. బ్యాచ్ నంబరు, కొన్న తేదీ ఉంటేనే ఆహార భద్రతా అధికారులు పరీక్ష జరిపించగలరు. పిల్లవాడికి సీసం పరీక్ష చేయించాలంటే రక్తనాళం నుంచి తీసిన రక్తమే నమ్మదగినది, ఎందుకంటే వేలు గుచ్చి తీసిన చుక్కలో చర్మం మీది దుమ్ము కలిసి అంకె పెరగవచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2021లో డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తానికి 3.5 మైక్రోగ్రాముల సీసాన్ని ఆరా తీయవలసిన స్థాయిగా నిర్ణయించాయి. అంతకు మించితే ముందుగా చేయవలసింది మూలాన్ని తొలగించడం. లోహాన్ని బయటకు లాగే మందులు సాధారణంగా రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉన్న పిల్లలకే, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు. మూలం తొలగించాక రక్తంలోని సీసం సాధారణంగా సుమారు నెలరోజుల్లో సగానికి తగ్గుతుంది కాబట్టి, ఎన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించాలో వైద్యుణ్ణి అడిగి తప్పక చేయించాలి. చాలాకాలంగా సీసం పేరుకున్న పిల్లల్లో ఎముకల నుంచి మళ్లీ రక్తంలోకి ఊరుతుంది కాబట్టి అంకె నెమ్మదిగానే దిగుతుంది. అనుమానించిన తీపిని పూర్తిగా మానిపించినా అది బొత్తిగా దిగకపోతే గోడల మీది పాత పెయింటు, తాగునీటి గొట్టాలు, వంట పాత్రలు, ఇంట్లో పెద్దలు పని చోటు నుంచి బట్టలకు అంటించుకొచ్చే దుమ్ము, వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ రావాలి.