నెట్‌ఎమ్‌తో నెట్‌వర్క్ లింకును అనుకరించేటప్పుడు లెక్కలు తప్పుతున్నాయా? సమస్య - పరిష్కారం

లినక్స్ కెర్నెల్‌లో ఉండే నెట్‌ఎమ్ (నెట్‌వర్క్ ఎమ్యులేటర్)ను, ఐపీరూట్2 ప్యాకేజీతో వచ్చే టీసీ ఆదేశం ద్వారా నడిపితే, ఆఫీసులోని వేగవంతమైన లాన్ మీదనే దూరదేశపు సర్వరుకు ఉండే జాప్యాన్నీ, ప్యాకెట్ల (డేటా ముక్కల) నష్టాన్నీ కల్పించి అప్లికేషన్‌ను పరీక్షించవచ్చు. స్టీఫెన్ హెమింగర్ రూపొందించిన ఈ సాధనం ఇంటర్‌ఫేస్ (ఈత్0 లాంటి నెట్‌వర్క్ ద్వారం) నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్ల క్యూలో పనిచేస్తుంది. లోపలికి వచ్చేవాటిని ముట్టుకోదు. కింది చిక్కుల్లో కొన్ని ఈ ఒక్క విషయాన్ని మరవడం వల్లనే వస్తాయి. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

సమస్య: 100 మిల్లీసెకన్ల జాప్యం పెట్టాం కనుక రానుపోను 200 పెరగాలనుకుంటే, పింగ్ (రానుపోను సమయం కొలిచే ఆదేశం)లో 100 మాత్రమే పెరిగింది.

కారణం: వెళ్లే ప్యాకెట్ ఆలస్యమైంది, తిరిగి వచ్చే జవాబు కాలేదు. లూప్‌బ్యాక్ (యంత్రం తనతో తానే మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) మీద పెడితే మాత్రం ప్రశ్న, జవాబు రెండూ అదే ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళ్లాలి కాబట్టి 200 పెరుగుతుంది.

పరిష్కారం: అవతలి యంత్రం మీద కూడా అదే జాప్యం పెట్టాలి. ఆ యంత్రం మన చేతిలో లేకపోతే, ఐఎఫ్‌బీ0 అనే మిథ్యా ఇంటర్‌ఫేస్‌ను లేపి, ఈత్0కు ఇంగ్రెస్ (లోపలికి వచ్చే వైపు) క్యూడిస్క్‌ను, అంటే ప్యాకెట్ల క్యూను నడిపే పద్ధతిని తగిలించి, వచ్చే ప్యాకెట్లను మిర్రెడ్ ఫిల్టరుతో ఐఎఫ్‌బీ0కు మళ్లించి, నెట్‌ఎమ్‌ను దాని మీద పెట్టాలి.

సమస్య: నష్టం ఏమీ పెట్టకపోయినా, జాప్యం పెట్టగానే టీసీపీ (పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే ప్రోటోకాల్) వేగం కుప్పకూలింది.

కారణం: ఇక్కడ రెండు అనుమానాలున్నాయి. మొదటిది క్యూ పరిమితి. లిమిట్ చెప్పకపోతే నెట్‌ఎమ్ 1000 ప్యాకెట్లనే పట్టి ఉంచుతుంది. సెకనుకు 1 గిగాబిట్ లింకు మీద 100 మిల్లీసెకన్ల జాప్యమంటే, ఏ క్షణాన చూసినా దారిలో 12.5 మెగాబైట్లు, అంటే 1500 బైట్ల ప్యాకెట్లు సుమారు 8,300 ఉండాలి. 1000 దాటినవన్నీ నేలపాలవుతాయి. "టీసీ -ఎస్ క్యూడిస్క్ షో డెవ్ ఈత్0" అని అడిగి చూస్తే డ్రాప్డ్ అంకె పెరుగుతూ కనిపిస్తుంది. అది సున్నాగానే ఉంటే జిట్టరును (జాప్యంలోని హెచ్చుతగ్గులను) అనుమానించాలి: "డిలే 100ఎంఎస్ 20ఎంఎస్" అన్నప్పుడు ప్రతి ప్యాకెట్‌కూ వేరే జాప్యం పడి, వెనకటిది ముందు చేరుతుంది, టీసీపీ దాన్ని నష్టంగా పొరబడి వేగం తగ్గించుకుంటుంది.

పరిష్కారం: మొదటిదానికి "లిమిట్ 20000" చేర్చాలి. రెండోదానికి జాప్యంతో పాటు రేటు (లింకు వేగం) కూడా ఇస్తే, నెట్‌ఎమ్ క్యూలోని చివరి ప్యాకెట్ సమయాన్ని ఆధారంగా తీసుకుంటుంది కనుక వరుస తప్పదు. నిజమైన లింకులో కూడా వరుస తప్పే అవకాశం ఉందనుకుంటే దాన్ని అలాగే ఉంచవచ్చు, కానీ అది తెలిసి చేసిన పని కావాలి.

సమస్య: 10 మెగాబిట్లు అనుకుని పెట్టిన లింకు 80 మెగాబిట్లు ఇస్తోంది.

టీసీ భాషలో "ఎంబీపీఎస్" అంటే సెకనుకు మెగాబైట్లు. మెగాబిట్లకు "ఎంబిట్" అని రాయాలి.

సమస్య: పంపే యంత్రం మీదనే 5 శాతం నష్టం పెట్టినా టీసీపీ ఏమీ జరగనట్టు ప్రవర్తిస్తోంది.

కారణం: అదే యంత్రంలో ప్యాకెట్‌ను పారేసినప్పుడు ఆ సంగతి పై పొరలకు తెలిసిపోతుంది, కాబట్టి టీసీపీ వెంటనే మళ్లీ పంపుకుంటుంది. నిజమైన దారిలో పోయిన ప్యాకెట్ గురించి ఎవరూ కబురు చెప్పరు.

పరిష్కారం: నష్టాన్ని మధ్యలోని రౌటరు లేదా బ్రిడ్జి మీద పెట్టాలి, విడి యంత్రం లేకపోతే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లతో (ఒకే యంత్రంలోని విడివిడి నెట్‌వర్క్ పరిసరాలతో) ఒకే పెట్టెలో అలాంటి రౌటరును కట్టుకోవచ్చు. పంపే యంత్రం మీదనే తీసిన నష్టపు కొలతలను నేనైతే నివేదికలో చేర్చను.

"ఫైల్ ఎగ్జిస్ట్స్" అని వస్తే రూట్ స్థానంలో క్యూడిస్క్ ఇదివరకే ఉందని అర్థం, యాడ్ బదులు రీప్లేస్ వాడాలి. క్యూడిస్క్ రకం తెలియదని వస్తే "మాడ్‌ప్రోబ్ ఎస్‌సీహెచ్_నెట్‌ఎమ్" నడపాలి; ఫెడోరాలో ఆ మాడ్యూల్ కెర్నెల్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో ఉంటుంది.

ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరపు యంత్రం మీద పనిచేస్తుంటే, పెద్ద నష్టం మన కనెక్షన్‌నే తెంచవచ్చు కనుక, అది పెట్టే ముందే 120 సెకన్లు ఆగి "టీసీ క్యూడిస్క్ డెల్ డెవ్ ఈత్0 రూట్" నడిపే ఆదేశాన్ని, సెషన్ తెగినా ఆగిపోకుండా నోహప్‌తో, వెనకాల వదిలి ఉంచాలి.