బాట లేని శిఖరానికి దారి వెతకడం ఎలా?

మంచి పట్టున్న బూట్లు, హెల్మెట్, కాగితపు మ్యాపు, దిక్సూచి, తలకు కట్టుకునే దీపం, సరిపడా నీళ్లు. సామాను ఇంతే. హెల్మెట్ లేకపోతే బయలుదేరవద్దు. రాయి తడిగా ఉంటే ప్రయాణం మానుకోండి.

ముందు మ్యాపు చూడండి. కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఒకదాన్నొకటి రాసుకున్నట్టుంటే అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. అయితే గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉన్న మ్యాపులో 15 మీటర్ల బండగోడ అసలు కనిపించకుండా పోవచ్చు. అందుకే మ్యాపుతో పనికిరాని దారులను కొట్టేయాలి తప్ప, దారిని ఖాయం చేయకూడదు. ఎవరో నడిచిన జీపీఎస్ జాడను పట్టుకుని పోవడం ఇంకా తప్పు. వాళ్లు ఎక్కడ తాడు వేశారో, ఎక్కడ వణికిపోయారో ఆ జాడ చెప్పదు.

తర్వాత ఎదుటి కొండ మీది నుంచి చూడండి. శిఖరం అడుగున నిలబడితే పైభాగం కుంచించుకుపోయి మోసం చేస్తుంది. ఉదయపు ఏటవాలు ఎండలో ప్రతి అంచూ, పగులూ నీడలతో బయటపడతాయి. నేనైతే ఎప్పుడూ కొండ వెన్నునే, అంటే రెండు వాలులు పైన కలిసే పొడవాటి అంచునే, ఎంచుకుంటాను, మీరూ అదే చేయండి. నీళ్లు కోసిన చీలిక సులువుగా కనిపిస్తుంది, కానీ పైనుంచి రాలే రాళ్లన్నీ దొర్లి వచ్చేది అందులోకే.

అసలు చిక్కు బండ దగ్గర మొదలవుతుంది. ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందే ఉంటుంది. దిగేటప్పుడు పాదం పెట్టాల్సిన చోటును మన ఒళ్లే కప్పేస్తుంది. ఎక్కగలిగిన చోటల్లా దిగగలమనుకోవడం వల్లే చాలామంది మధ్యలో ఇరుక్కుపోతారు. కాబట్టి రెండు మీటర్లు ఎక్కగానే ఆగి, బండకు ముఖం పెట్టి మళ్లీ కిందికి దిగి చూడండి. దిగలేకపోతే ఆ దారి మీది కాదు.

బరువు వేసే ముందు ప్రతి రాయినీ అరచేతితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే వదిలేయండి. గట్టిగా ఉన్నదాన్ని కూడా కిందికే నొక్కాలి, మీ వైపు లాగకూడదు. రెండు చేతులు, రెండు పాదాల్లో మూడు ఎప్పుడూ బండను వదలకూడదు. మీ కింద ఎవరైనా ఉంటే వాళ్లు పక్కకు తప్పుకునేదాకా కదలవద్దు.

బండ లొంగకపోతే దాని అడుగునే అటూ ఇటూ నడిచి తక్కువ ఎత్తున్న చోటు వెతకండి. అదీ లేకపోతే వెనక్కి తిరగండి.

పైకి పోతూ తరచూ వెనక్కి తిరిగి ఫొటో తీయండి. వెన్నులన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి, దిగేటప్పుడు విడిపోతాయి. పొగమంచులో పక్క వెన్ను పట్టుకుంటే వేరే లోయలో తేలతారు. శిఖరం మీదే దిక్సూచితో దిగే దిశ సరిచూసుకున్నాక అడుగు వేయండి.