గుండె వైఫల్యం దేశానికి ఎంత భారం: లెక్క కట్టే పద్ధతి

గుండె వైఫల్యం భారాన్ని లెక్క కట్టాలంటే, ఎవరిని రోగిగా తీసుకోవాలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. గుంటూరు, విజయవాడ ఆస్పత్రుల వరండాల్లో రోగి బంధువులు "గుండె పంపింగ్ తగ్గిందంట" అని చెప్పేది చాలావరకు ఈ వ్యాధి గురించే. కానీ పంపింగ్ తగ్గకుండా వచ్చే గుండె వైఫల్యం కూడా ఉంది. ఎకో (గుండె స్కాన్)లో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే వాటా, 40 శాతమో అంతకన్నా తక్కువో ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే, 50 శాతం దాటి ఉన్నా ఆయాసంతో, కాళ్ల వాపుతో బాధపడే రక్తపోటు రోగులు, ముఖ్యంగా వయసు మళ్లిన మహిళలు, లెక్కకు అందకుండా పోతారు.

తర్వాత లెక్కించాల్సింది మనుషులను, అడ్మిషన్లను కాదు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతును ఊహించుకోండి. సంక్రాంతికి ముందు ఆయాసంతో గుంటూరులో చేరాడు, మందులు ఆపేయడంతో మార్చిలో మళ్లీ చేరాడు, మేలో విజయవాడలోని కూతురు ఇంటికి వెళ్లి అక్కడి ఆస్పత్రిలో చేరాడు. మొదటి రెండుసార్లు ఊరి చిరునామా, మూడోసారి కూతురి చిరునామా రాయించారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంతో నమోదైంది. రిజిస్టర్లను కలిపితే ఆయన ముగ్గురు మనుషులవుతాడు. వయసు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు, ఫోన్ నంబరు పోల్చి చూడకుండా ఏ రెండు ఆస్పత్రుల సంఖ్యలనూ కూడకూడదు.

ఆ సంఖ్యను ఏ జనాభాతో భాగిస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. 2011 జనగణనలోని గుంటూరు జిల్లా వేరు, 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాక మిగిలిన గుంటూరు జిల్లా వేరు. విజయవాడ కూడా అదే రోజు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పాత సరిహద్దుల జనాభాను కొత్త సరిహద్దుల రోగులకు జతచేస్తే, ఆ రేటుకు అర్థం ఉండదు.

జిల్లా నుంచి దేశానికి వెళ్లేటప్పుడు ఆస్పత్రి రిజిస్ట్రీని (అక్కడ చికిత్స పొందిన రోగుల నమోదును) గుణించి వ్యాధి వ్యాప్తిని తేల్చలేము, ఎందుకంటే ఆస్పత్రికి రానివారు అందులో ఉండరు. దానికి బదులు మూలకారణాల నుంచి రావచ్చు: కరోనరీ జబ్బు (గుండెకు రక్తం అందించే నాళాలు పూడుకుపోవడం), రక్తపోటు, మధుమేహం, రుమాటిక్ గుండె జబ్బు (రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతినడం) ఎంతమందికి ఉన్నాయో వయసులవారీగా తీసుకుని, వారిలో ఎంతమందికి గుండె వైఫల్యం వస్తుందో అంచనా వేయాలి. ఇలాంటి పద్ధతిలోనే 2010లో ప్రచురితమైన ఒక అంచనా భారతదేశంలో 13 లక్షల నుంచి 46 లక్షల మంది రోగులున్నారని చెప్పింది. ఇంత వెడల్పాటి అంతరాన్ని దాచకుండా ప్రకటించడం నిజాయితీ అని నా అభిప్రాయం. రిజిస్ట్రీలు మరణాల రేటుకు, కారణాల వాటాకు పనికొస్తాయి. 2013 నాటి తిరువనంతపురం రిజిస్ట్రీలో 1,205 మంది రోగుల సగటు వయసు 61 ఏళ్లు, వారిలో 72 శాతం మందికి మూలం కరోనరీ జబ్బు.

మరణాల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో 22.5 శాతానికే వైద్యుడు ధ్రువీకరించిన కారణం ఉంది. పైగా ధ్రువపత్రంలో "హార్ట్ ఫెయిల్యూర్" అని మాత్రమే ఉంటే, అది మరణం ఎలా జరిగిందో చెబుతుందే తప్ప ఎందువల్ల జరిగిందో చెప్పదు. అందుకే ప్రపంచ వ్యాధిభార అధ్యయనం (గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్) అటువంటి మరణాలను మూలకారణాలకు పంచుతుంది. గుండె వైఫల్యం భారాన్ని విడిగా లెక్కగట్టి మళ్లీ కరోనరీ జబ్బు భారానికి కలిపితే, ఒకే మరణం రెండుసార్లు లెక్కకొస్తుంది.

జబ్బుతో బతికిన కాలాన్ని కొలవడానికి ఆ అధ్యయనం 2013లో వాడిన తూకాలు (సున్నా అంటే పూర్తి ఆరోగ్యం, ఒకటి అంటే మరణంతో సమానం) ఇవి: తేలికపాటి దశకు 0.041, మధ్యస్థానికి 0.072, తీవ్రానికి 0.179. పదివేల మంది రోగుల్లో ఈ దశలవారు వరుసగా 5,000, 3,000, 2,000 ఉన్నారనుకుంటే ఏడాదికి 205, 216, 358 చొప్పున మొత్తం 779 సంవత్సరాల ఆరోగ్యం కోల్పోయినట్టు. సంఖ్యలో అయిదో వంతైన తీవ్ర రోగులే భారంలో దాదాపు సగం మోస్తున్నారు. వార్డులో కనిపించే తీవ్రత వాటాను ఇంటిపట్టున మాత్రలతో గడిపేవారికీ అంటగడితే భారం ఒక్కసారిగా ఉబ్బిపోతుంది. తేలికపాటి దశలోని 500 మందిని తీవ్రదశకు మార్చినా 69 సంవత్సరాలు పెరుగుతాయి. కాబట్టి తీవ్రత వాటాను వార్డు నుంచి కాక, ఇంటింటి సర్వేలో దొరికిన రోగుల నుంచే తీసుకోవాలి.